కంప్యూటర్‌లో లేని 412 పుస్తకాలు: కేటలాగింగ్ ఇంటర్న్‌తో ఒక రోజు

మన 'ఒక రోజు' సిరీస్‌లో ఇంతకుముందు రొయ్యల చెరువు కాపలా ఉండే ఆయనతో ఒక రోజు చేశాం, కడియం నర్సరీలో అంట్లు కట్టేవాళ్లతో ఒక రోజు చేశాం. ఆ రెండు చోట్లా నేను కెమెరా పట్టుకుని పక్కన నిలబడి ప్రశ్నలడిగా, అంతే. ఈసారి అలా కుదరలేదు. ఎందుకంటే ఈ ఎపిసోడ్‌లో మీకు చూపించే అమ్మాయి రోజంతా చేసే పని, రెండేళ్ల కిందట నేను పాడుచేసినదాన్ని బాగుచేయడం.

విషయం చెప్తా. అప్పటికి నేనింకా ఉద్యోగంలోనే ఉన్నా, వర్క్ ఫ్రమ్ హోమ్. రాజమండ్రి నుంచి బైక్ మీద గంటలోపు వెళ్లిపోయే ఒక చిన్న లైబ్రరీ ఉంది. పేరు చెప్పొద్దన్నారు, చెప్పను. వాళ్ల పుస్తకాల లిస్టు ఎక్సెల్‌లో ఉంది, ఆరు వేల పైచిలుకు వరసలు. డీటీపీ సెంటర్లో అను ఫాంట్స్‌లో టైప్ చేయించారు. దాన్ని యూనికోడ్‌లోకి మార్చి, శుభ్రం చేసి, కోహా అనే సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాలి. కోహా అంటే లైబ్రరీల కోసం తయారైన ఫ్రీ సాఫ్ట్‌వేర్ అండి. 2000లో న్యూజీలాండ్‌లో వాడుకలోకి వచ్చింది, మావోరీ భాషలో ఆ మాటకి కానుక అని అర్థం. ఇప్పుడు మన దేశంలో కూడా చాలా కాలేజీ లైబ్రరీల్లో నడిచేది అదే.

"ఓస్, ఇంతేనా" అన్నా. శని, ఆదివారాలు కూర్చున్నా. ఫాంట్ మార్చడం బాగానే అయింది. తర్వాత డూప్లికేట్లు తీసేద్దాం అనుకున్నా. పుస్తకం పేరు, రచయిత పేరు రెండూ కలిస్తే ఒక వరస ఉంచి మిగతావి తీసెయ్. రచయిత గడి ఖాళీగా ఉంటే, పుస్తకం పేరు కలిస్తే చాలు, తీసెయ్. నాలుగు లైన్ల కోడ్. రన్ చేస్తే '412 డూప్లికేట్లు తొలగించబడ్డాయి' అని వచ్చింది. స్క్రీన్‌షాట్ తీసి వాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టా. అందరూ చప్పట్ల ఎమోజీలు. అప్పుడు ఆ కొత్త ఫైల్‌ని పాత ఫైల్ మీదే సేవ్ చేసేశా. బ్యాకప్ లేదు. ఆఫీసులో జూనియర్ ఎవరైనా ఈ పని చేసి ఉంటే నేను ఎంత క్లాసు పీకేవాణ్ణో నాకు తెలుసు.

మొన్నామధ్య లైబ్రేరియన్ మేడమ్‌గారు ఫోన్ చేశారు. తిట్టలేదు, అదే ఇబ్బంది. "బాబూ, మా దగ్గరికి లైబ్రరీ సైన్స్ చదివే అమ్మాయి మూడు నెలల ఇంటర్న్‌షిప్‌కి వచ్చింది. నువ్వు తీసేసిన వాటిని ఒక్కోటీ మళ్లీ ఎక్కిస్తోంది. వీడియోలు తీస్తున్నావట కదా, వచ్చి చూడు" అన్నారు.

వెళ్లా. పొద్దున్న తొమ్మిది నలభై. తలుపు తీయగానే కలరా ఉండల వాసన. ఆ అమ్మాయి అప్పటికే వచ్చేసింది. ముక్కుకి మాస్కు, చేతిలో నూలు గుడ్డ, టేబుల్ మీద పెన్సిల్, చెక్క స్కేలు, ఒక లాప్‌టాప్. నా షర్టు జేబులో పెన్ను చూసి, "అన్నయ్యా, ఆ పెన్ను బయట పెట్టేయండి. పుస్తకాల దగ్గర పెన్సిలే" అంది. పెట్టేశా.

మొదట నాకు చూపించింది రిజిస్టర్. యాక్సెషన్ రిజిస్టర్ అంటారు. లైబ్రరీకి ఏ పుస్తకం వచ్చినా, కొన్నా, ఎవరైనా దానం ఇచ్చినా, ముందు ఇందులో ఎక్కుతుంది. వచ్చిన వరసలో ఒక నంబరు. ఒకే పుస్తకం ఐదు కాపీలు వస్తే ఐదు నంబర్లు. పుస్తకం పోయినా, చిరిగిపోయి తీసేసినా, ఆ నంబరు ఇంకో పుస్తకానికి ఇవ్వరు. ఆ నంబరే పుస్తకం లోపల టైటిల్ పేజీ మీద ఉంటుంది, స్టాంపుతో పాటు ఇంకో పేజీలో కూడా ఉంటుంది. ఆ రెండో పేజీ ఏదన్నది లైబ్రరీ వాళ్లకే తెలుసు. సీక్రెట్ పేజీ అంటారు. ఎవరైనా టైటిల్ పేజీ చింపేసి పట్టుకుపోయినా పుస్తకం ఎవరిదో తెలియడానికి. ఆ లైబ్రరీలో ఏ పేజీయో నాకు చూపించింది కానీ మీకు చెప్పనని ఒట్టు పెట్టించుకుంది.

కోడింగ్ చేసేవాళ్లకి ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. ఆ నంబరు ప్రైమరీ కీ. నా ఎక్సెల్‌లో మొదటి కాలమే అది. నేను దాన్ని 'సీరియల్ నంబరేలే' అనుకుని, పుస్తకం పేరుని కీగా తీసుకున్నా.

మరి తీసేసిన 412 ఏవో ఎలా తెలుస్తాయి? నా కోడ్ ఎన్ని తీసిందో చెప్పింది కానీ ఏవి తీసిందో ఎక్కడా రాయలేదు. రాయమని నేను చెప్పలేదు కాబట్టి. ఆ అమ్మాయి ఏం చేసిందంటే, సిస్టమ్‌లో ఏయే నంబర్లు లేవో చూసింది. 633 ఖాళీలు వచ్చాయి. అందులో 412 నావి. మిగతా 221 నిజంగానే పోయినవి, చెదలు తినేసినవి, ఎప్పుడో తీసేసినవి. ఏది నాది, ఏది చెదలది అన్నది కంప్యూటర్‌లో కూర్చుంటే తేలదు. రిజిస్టర్ తెరిచి, నంబరు చూసి, అలమార దగ్గరికి వెళ్లి, ఉందో లేదో చేత్తో తడిమి చూడాలి. నేను వెళ్లిన రోజుకి 187 పూర్తయ్యాయి.

ఇక కూర్చున్నాం. మొదటి పుస్తకం కందుకూరి వీరేశలింగం గారి 'ఆంధ్ర కవుల చరిత్రము'. మూడు భాగాలు. ఎక్సెల్‌లో 'భాగం' అని విడిగా ఒక కాలమ్ ఉండేది. నేను దాన్ని నోట్సు అనుకుని పక్కన పెట్టేశా. పేరు ఒకటే, రచయిత ఒకరే, కాబట్టి మొదటి భాగం ఉంచి రెండు, మూడు తీసిపారేశా. రెండేళ్లుగా ఆ లైబ్రరీలో ఎవరు వెతికినా ఒకటో భాగమే కనిపించింది. రెండు, మూడు భాగాలు దాని పక్కనే, అదే అరలో, దుమ్ములో కూర్చుని ఉన్నాయి.

కేటలాగింగ్ స్క్రీన్ చూస్తే మీకు ఫామ్ నింపుతున్నట్టే ఉంటుంది. ప్రతి గడికీ మూడంకెల నంబరు. 100లో రచయిత, 245లో పుస్తకం పేరు, 260లో ఊరు, ప్రచురణకర్త, సంవత్సరం, 300లో పేజీలు, సైజు. స్కేలు ఎందుకో అప్పుడు అర్థమైంది, పుస్తకం ఎత్తు సెంటీమీటర్లలో కొలుస్తుంది. దీన్ని మార్క్ ఫార్మాట్ అంటారు. 1960లలో అమెరికాలో, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ అవ్రామ్ అనే ఆవిడ నాయకత్వంలో తయారైంది. ఆవిడ లైబ్రేరియన్ కాదు, ప్రోగ్రామర్. మన జాతే. కాకపోతే ఆవిడ ముందు లైబ్రరీ వాళ్లు కార్డు మీద ఏం రాస్తారు, ఎందుకు రాస్తారు అన్నది నేర్చుకుని ఆ తర్వాత కంప్యూటర్ దగ్గర కూర్చుంది. నేను రెండోదానితో మొదలుపెట్టి రెండోదానితోనే ఆపేశా.

పేర్ల దగ్గర ఆ అమ్మాయి బాగా నెమ్మదిస్తుంది. నేను వాచీ చూసుకుంటుంటే నవ్వింది. మన తెలుగువాళ్ల పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది. రూల్స్ రాసినవాళ్లకి ఇంటిపేరు చివర ఉంటుంది, అందుకని వాళ్లు దాన్ని ముందుకి తెచ్చి, కామా పెట్టి రాస్తారు. మన డీటీపీ ఆపరేటర్ కొన్నిచోట్ల అలా తిప్పాడు, కొన్నిచోట్ల తిప్పలేదు. దాంతో ఒక్క వీరేశలింగం గారే ఐదారుగురయ్యారు. 'కందుకూరి వీరేశలింగం', 'వీరేశలింగం కందుకూరి', 'వీరేశలింగము పంతులు', ఇలా. వీటిలో ఒక రూపాన్ని ఖాయం చేసి, మిగతావన్నీ దానికి దారి చూపించేలా కట్టాలి. దాన్ని అథారిటీ ఫైల్ అంటారు.

దానికి ఉల్టా తప్పు ఇంకా ఘోరం. ఇద్దర్ని ఒకరు చేసేయడం. రాజమండ్రిలో ఇద్దరు శ్రీపాదలు ఉండేవాళ్లు, తెలుసా? ఇద్దరూ శాస్త్రిగార్లే, ఇద్దరూ ఒకే కాలంలో ఉన్నవాళ్లే. శ్రీపాద కృష్ణమూర్తి శాస్త్రిగారు భారతం, రామాయణం, భాగవతం మూడూ ఒక్క చేత్తో తెలుగు చేసిన పండితుడు. శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రిగారు మన గోదావరి ఇళ్లల్లో మాట్లాడుకునే తెలుగుని యథాతథంగా కథల్లోకి దింపినాయన. 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' ఆయనదే. ఇద్దరి రాతకీ పోలికే ఉండదు. ఎక్సెల్‌లో చాలాచోట్ల 'శ్రీపాద శాస్త్రి' అని మాత్రమే ఉంది. నేను ఏం చేశానంటే, దగ్గరగా ఉన్న పేర్లని కలిపేసే ఒక లైబ్రరీ వాడి, అంటే కోడ్ లైబ్రరీ అండి, అందర్నీ కలిపి ఒక్క శ్రీపాదని చేశా. ఆ అమ్మాయి ఆ సంగతి చెప్తున్నప్పుడు నా మొహం కెమెరాలో ఉంది, ఎడిటింగ్‌లో తీసేద్దామనుకున్నా, తీయలేదు.

ఇంకో చిన్న తమాషా. మీ ఫోన్లో 'గ్రంథాలయం' అని టైప్ చేయండి. 'థ' వేశారా, 'ధ' వేశారా? 'థ' ఉండాలి. మన ఊళ్లలో సగం బోర్డుల మీద 'ధ' ఉంటుంది. మనకి కంటికి ఆ తేడా ఆనదు, కంప్యూటర్‌కి మాత్రం అవి రెండు వేరే మాటలు. ఒకటి వెతికితే రెండోది రాదు. 'చరిత్రము', 'చరిత్రం' కూడా అంతే. అరసున్నా, బండి 'ఱ' ఉన్న పాత పుస్తకాల సంగతి చెప్పక్కర్లేదు. అందుకని ఆ అమ్మాయి 245లో టైటిల్ పేజీ మీద ఎలా ఉంటే అలాగే, అరసున్నాతో సహా రాస్తుంది. 246 అని ఇంకో గడి ఉంది, అందులో ఇప్పుడు మనం ఎలా టైప్ చేస్తామో అలా రాస్తుంది. "పుస్తకాన్ని మార్చకూడదు, వెతికేవాళ్లనీ తిప్పలు పెట్టకూడదు అన్నయ్యా" అంది. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు రాసిన ఏ డిజైన్ డాక్యుమెంట్‌లోనూ ఇంత క్లియర్ రిక్వైర్‌మెంట్ చూడలేదు.

తర్వాత నంబరు. అలమారలో పుస్తకం ఎక్కడ కూర్చోవాలో చెప్పే నంబరు. మెల్విల్ డ్యూయీ అనే అమెరికన్ 1876లో పెట్టిన పద్ధతి. అందులో తెలుగు సాహిత్యం 894.827. చివర 1 చేరిస్తే కవిత్వం, 2 చేరిస్తే నాటకం, 3 చేరిస్తే కథలు, నవలలు. ఇంగ్లీషు సాహిత్యానికి 820 నుంచి మొత్తం ఒక దశకం ఇచ్చి, మనల్ని పాయింటు తర్వాత మూడో అంకెలో కూర్చోబెట్టాడు పెద్దమనిషి. తెలుగు లైబ్రరీలో నడుస్తుంటే ఒక అలమార తర్వాత ఇంకో అలమార, అన్నిటి మీదా 894.827, 894.827. మన రంగనాథన్ గారు దీన్ని చూసి ఒప్పుకోక 1933లో కోలన్ క్లాసిఫికేషన్ అని సొంత పద్ధతి తెచ్చారు. కానీ ఊళ్లల్లో లైబ్రరీలకి డ్యూయీయే అలవాటైపోయింది.

మధ్యాహ్నం భోజనం బయట వరండాలో. పుస్తకాల గదిలో తిండి పెట్టకూడదు, మెతుకు పడితే పురుగు వస్తుంది. మేడమ్‌గారు గుత్తొంకాయ తెచ్చారు, దాని గురించి వేరే ఎపిసోడ్ చేయొచ్చు. తింటూ మాట్లాడుకుంటుంటే నాకొకటి అర్థమైంది, నేను పుట్టి పెరిగిన ఈ గోదావరి జిల్లాల్లో లైబ్రరీ అనేది గవర్నమెంటు ఆఫీసుగా మొదలవలేదు. భీమవరం దగ్గర కుముదవల్లి అని ఊరుంది. అక్కడ 1897లో వీరేశలింగం గారి పేరు మీద లైబ్రరీ పెట్టారు. పల్లెటూళ్లో, 1897లో! రాజమండ్రిలో నాళం కృష్ణారావుగారు 1898లో వాసురాయ గ్రంథాలయం పెట్టారు, అప్పటికి ఆయనకి ఇరవై ఏళ్లు కూడా లేవు. వడ్డాది సుబ్బారాయుడు గారిని వసురాయకవి అనేవాళ్లు, ఆయన పేరు అది. అదీ, అద్దంకి సత్యనారాయణ శర్మగారు నడిపిన రత్నకవి గ్రంథాలయమూ కలిసి ఇప్పటి గౌతమీ గ్రంథాలయం అయింది. రాజమండ్రి వాళ్లు ఎంతమంది దాని ముందు నుంచి బండి మీద వెళ్లిపోతుంటారో, లోపలికి ఎంతమంది వెళ్లారో కామెంట్లలో నిజాయితీగా చెప్పండి. నేను వెళ్లింది ఇంటర్‌లో ఒకసారి, అదీ ఫ్యాన్ కింద కూర్చోడానికి.

బిక్కవోలు దగ్గర కొంకుదురులో పుట్టిన అయ్యంకి వెంకటరమణయ్య గారిని గ్రంథాలయోద్యమ పితామహుడు అంటారు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టించారు. నవంబరు 14 నుంచి స్కూల్లో గ్రంథాలయ వారోత్సవాలు చేసేవాళ్లు గుర్తుందా? నేను చాలాకాలం అది నెహ్రూగారి పుట్టినరోజు కోసం అనుకున్నా. కాదు, 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత గ్రంథాలయ మహాసభ జరిగింది, దాని వెనక ఉన్నది కూడా ఈయనే. అటు కృష్ణా డెల్టాలో పాతూరి నాగభూషణం గారైతే 1935లో కాలవ మీద పడవలో పుస్తకాలు పెట్టి, కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య తిప్పారు. రోడ్లు లేని ఊళ్లకి పుస్తకమే నీళ్ల మీద వెళ్లింది.

ఇంకోటి, మీరు లైబ్రరీకి వెళ్లకపోయినా దానికి డబ్బులు కడుతూనే ఉన్నారు. ఇంటి పన్ను రసీదు చూడండి, అందులో లైబ్రరీ సెస్సు అని ఉంటుంది. పన్నులో రూపాయికి 8 పైసలు. నేను మా ఇంటి రసీదు తీసి చూశా, ఉంది.

సరే, మధ్యాహ్నం రెండున్నర. అసలు విషయం ఇక్కడుంది.

2318 నంబరు. రిజిస్టర్‌లో 'హరిశ్చంద్ర నాటకము' అని ఉంది. రచయిత పేరున్న చోట ఎప్పుడో నీళ్లు పడి సిరా కారిపోయింది, ఏమీ కనపడదు. డీటీపీ ఆపరేటర్ ఆ గడి ఖాళీగా వదిలేశాడు. నా కోడ్ ఏం చేసింది? రచయిత లేడు, ఇదే పేరుతో ఇంకో నాటకం ఉంది, కాబట్టి డూప్లికేట్. హరిశ్చంద్రుడి మీద తెలుగులో ఎంతమంది నాటకాలు రాశారో నాకేం తెలుసు అప్పుడు? వీరేశలింగం గారిది ఉంది, బలిజేపల్లి వారిది ఉంది, ఊరికొక కవి రాసి ఉంటాడు.

అలమారలో 2318 లేదు. పైన, కింద, వెనక వరసలో, ఎక్కడా లేదు. "చెదల ఖాతాలో రాసేద్దామా?" అన్నా, నాకు తొందర. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. రిజిస్టర్‌లో ముందు నంబర్లు చూసింది. 2316, 2317, 2318 మూడూ ఒకే రోజు వచ్చినవి, మూడూ నాటకాలు, మూడూ పలచని పుస్తకాలు. 2316 అలమారలో ఉంది. తీసి చూస్తే లావుగా ఉంది. ఎప్పుడో బైండర్ మూడిటినీ కలిపి ఒకే అట్టలో కుట్టేశాడు. అట్ట మీద మొదటి నాటకం పేరొక్కటే. మూడోది మన 2318. దానికి టైటిల్ పేజీ లేదు, చిరిగిపోయింది.

టైటిల్ పేజీ లేని పుస్తకానికి రచయితని ఎలా పెడతారు? నేనైతే గూగుల్ అంటా. ఆ అమ్మాయి మొదటి పేజీ చదవడం మొదలుపెట్టింది. పాత నాటకాలకి ముందు ప్రస్తావన అని ఉంటుందండి. తెర లేవగానే సూత్రధారుడు వస్తాడు, నటిని పిలుస్తాడు, ఈ వేళ ఏ నాటకం ఆడుతున్నామో, అది రాసిన కవి ఎవరో, ఏ ఊరో, ఎవరి కొడుకో చెప్తాడు. రెండో పేజీలోనే ఉంది. పేరు, ఊరు, తండ్రి పేరు, మొత్తం. పుస్తకం తన రచయిత ఎవరో తనే చెప్తోంది. ఒక్క పేజీ చదివితే చాలు. రెండేళ్లలో ఎవరూ చదవలేదు, ముఖ్యంగా నేను.

సంవత్సరం ఇంకో గొడవ. చివరి పేజీలో 'నందన' అని మాత్రమే ఉంది. మన సంవత్సరాలు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తాయి కదా, నందన అంటే 1892 కావచ్చు, 1952 కావచ్చు. 2012 కూడా నందనే, కానీ కాగితం చూస్తే అది కాదని తెలుస్తోంది. ధర అణాల్లో ఉంది. అణాలు 1957 దాకా నడిచాయి కాబట్టి దాంతో తేలదు. ఆ అమ్మాయి భూతద్దం పెట్టి ప్రెస్సు పేరు కింద సన్నటి అక్షరాలు చదివింది. ఊరు, తర్వాత 'తూర్పు గోదావరి జిల్లా'. అంతే, లేచి చప్పట్లు కొట్టింది. నాకు అర్థం కాలేదు. పశ్చిమ గోదావరిని విడదీసింది 1925లో. అంతకుముందు ఇటువైపు కూడా ఉత్త గోదావరి జిల్లాయే, తూర్పు అన్న మాటే లేదు. కాబట్టి 1892 కాదు, 1952. 2022లో మళ్లీ జిల్లాలు మార్చారు కదా, కోనసీమ, కాకినాడ, ఏలూరు అని. ఇంకో వందేళ్ల తర్వాత ఎవరో ఒక ఇంటర్న్ మన పుస్తకాలని దాన్నిబట్టి తేదీ కడుతుందేమో.

రచయిత పేరు గట్టిగా చదవగానే, కౌంటర్ దగ్గర ఉన్న మేడమ్‌గారు "ఏదీ, మళ్లీ చదువు" అన్నారు. ఆ ఇంటిపేరుతో ఒక రిటైర్డు మాస్టారు ఉన్నారట. ఎనభై దాటాయి. ఫోన్ చేశారు. నాలుగున్నరకి మనవడి బండి మీద వచ్చేశారు, తెల్ల పంచె, చేతిలో గుడ్డ సంచి.

ఆ నాటకం రాసింది వాళ్ల నాన్నగారు. వాళ్లది లంక ఊరు. ఇంట్లో ఉన్న కాపీలన్నీ 86 వరదల్లో పోయాయి. మీలో చాలామంది అప్పటికి పుట్టలేదు, నేనూ పుట్టలేదు. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద గురించి మా అమ్మమ్మ ఇప్పటికీ చెప్తుంది. లైబ్రరీకి ఇచ్చిన కాపీ ఒక్కటే మిగిలింది. మాస్టారు ఏటా వాళ్ల నాన్నగారి తద్దినం అయిన మర్నాడు ఇక్కడికి వచ్చి, ఆ పుస్తకం ఒకసారి చూసుకుని వెళ్లేవారట. పాత అటెండర్‌కి అది ఎక్కడుందో కంఠతా తెలుసు, అడగ్గానే తెచ్చిచ్చేవాడు. ఆయన రిటైరయ్యాడు. కంప్యూటర్ వచ్చింది. తర్వాత రెండు సార్లు మాస్టారు వచ్చారు, రెండు సార్లూ కౌంటర్లో ఉన్నవాళ్లు పేరు టైప్ చేసి చూసి, "లేదండీ మాస్టారూ" అన్నారు. వాళ్ల తప్పేం లేదు. సిస్టమ్‌లో లేదు.

మేడమ్‌గారు నన్ను చూపించి, "కంప్యూటర్ పని చేసింది ఈ అబ్బాయేనండీ" అన్నారు. నేను చెప్పా, మాస్టారూ, పొరపాటు నాదేనండీ, తీసేసింది నేనే అని. ఏమంటారో అని చూస్తున్నా. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, "అయ్యో, పర్వాలేదు బాబూ. కంప్యూటర్ లేదందంటే, మరి లేదేమో అనుకున్నాను. నాదే మతిమరుపేమో, ఇంకో లైబ్రరీకి ఇచ్చారేమో నాన్నగారు అని కాకినాడ కూడా వెళ్లొచ్చాను" అన్నారు.

అక్కడ నేను కెమెరా ఆపేశా. అందుకే ఆ తర్వాతి పది నిమిషాలు వీడియోలో లేదు.

కాగితం పెళుసుగా ఉంది, జిరాక్స్ మెషిన్ మీద బోర్లా వేస్తే విరిగిపోతుందని ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. నాటకం మొత్తం 64 పేజీలు, నా ఫోన్‌తో ఒక్కో పేజీ ఫోటో తీశా. ఆ అమ్మాయి పేజీలు తిప్పింది, నేను తీశా. మాస్టారు మాత్రం "ఆ సూత్రధారుడి పేజీ ఒక్కటి ప్రింటు తీసివ్వండి చాలు, అందులో మా తాతగారి పేరు కూడా ఉంది" అన్నారు.

ఆయన వెళ్లాక ఆ అమ్మాయి మళ్లీ లాప్‌టాప్ ముందు కూర్చుంది. 100లో రచయిత పేరు పెట్టింది. 245లో నాటకం పేరు. సంవత్సరం దగ్గర 1952ని చదరపు బ్రాకెట్లలో పెట్టింది, అంటే పుస్తకం మీద ఉన్నది కాదు, మేం కట్టినది అని. 500 అనే గడిలో ఒక నోటు రాసింది: టైటిల్ పేజీ లేదు, రచయిత పేరు ప్రస్తావన నుంచి తీసుకున్నాం, సంవత్సరం నందన, జిల్లా పేరుని బట్టి. 501లో ఇంకో నోటు, 2316, 2317తో కలిపి కుట్టి ఉంది అని. నేను మాస్టారి మాట కూడా రాయొచ్చు కదా అన్నా. "ఆయన మాట నిజమే అన్నయ్యా, కానీ రేపు చూసేవాళ్లకి మాస్టారు కనపడరు, ప్రస్తావన కనపడుతుంది" అంది. సేవ్ కొట్టింది. అప్పుడు కౌంటర్లో ఉన్న కంప్యూటర్ దగ్గరికి వెళ్లి, మామూలు రీడర్ లాగా 'హరిశ్చంద్ర' అని టైప్ చేసి చూసింది. నాలుగు వచ్చాయి. నాలుగోది ఇదే.

ఆ రోజు మొత్తం మీద తొమ్మిది పుస్తకాలు అయ్యాయి. తొమ్మిదే. నా కోడ్ 412 తీయడానికి ఒక సెకను పట్టిందో లేదో.

ఆ అమ్మాయి ఇంటర్న్‌షిప్ ఇంకో మూడు వారాల్లో అయిపోతుంది. ఆ తర్వాత ఎవరు చేస్తారని మేడమ్‌గారిని అడిగితే నావైపు చూశారు. అందుకని ఇప్పుడు ఆదివారాలు వెళ్తున్నా. మొదటి ఆదివారం నాకు పుస్తకాలు ఇవ్వలేదు, దుమ్ము దులిపే గుడ్డ ఇచ్చింది. రెండో ఆదివారం స్కేలు ఇచ్చింది, ఎత్తులు కొలిచా. మూడోసారికి కీబోర్డు దాకా వచ్చా, కానీ నేను చేసిన ప్రతి రికార్డూ ఆ అమ్మాయి చూసి ఓకే అంటేనే సేవ్. నేను ఎవరి కోడ్‌నైనా రివ్యూ చేసినప్పుడు ఇంత కఠినంగా ఎప్పుడూ లేను. శ్రీపాదలిద్దర్నీ విడదీయడం నాకే అప్పగించింది, ఇంకా అవలేదు. ఒక పుస్తకం మీద 'శ్రీపాద' అని మాత్రమే ఉంది, ఎవరిదో తేల్చడానికి రెండు ఆదివారాలుగా దాన్ని మొదటి నుంచి చదువుతున్నా.

ఈ ఎపిసోడ్ ఎడిట్ చేసే నాటికి 171 మిగిలాయి. గోదావరి జిల్లాల్లో ఎవరైనా లైబ్రరీ లిస్టు ఎక్సెల్‌లో ఉందని, ఎక్కించడానికి సాయం కావాలని అడిగితే నాకు మెసేజ్ చేయండి, ఈసారి మొదటి కాలమ్ ముట్టుకోను. ఉంటానండీ మరి. బండి సర్వీసింగ్‌కి ఇచ్చా, రేపు పొద్దున్నే బస్సులో వెళ్లాలి.